స్కిడ్ స్టీర్ లోడర్: పనికి ముందు తనిఖీ, రోజువారీ నిర్వహణ

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు ఒక చిన్న లోడర్ చుట్టూ తిరిగి దానిని పనికి పంపవచ్చో లేదో నిర్ణయించగలుగుతారు. ఒక్కో తనిఖీ వెనుక ఉన్న కారణాన్ని మీ మాటల్లో వివరించగలుగుతారు. యంత్రం నడిచిన గంటలను బట్టి దాని నిర్వహణకు ప్రణాళిక వేయగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

గత పాఠ్యభాగంలో బ్యాక్‌హో లోడర్ గురించి తెలుసుకున్నారు. ఏ కంపెనీ తయారుచేసినా దానిని మన ఊళ్లలో జేసీబీ అనే అంటారు. అలాగే నాలుగు చక్రాలు, ముందు ఒక బకెట్, మధ్యలో పంజరం లాంటి క్యాబిన్ ఉన్న చిన్న లోడర్‌ను, తయారీదారు ఎవరైనా సరే, బాబ్‌క్యాట్ అనడం సైట్లలో అలవాటు. దాని అసలు పేరు స్కిడ్ స్టీర్ లోడర్. ఈ పాఠ్యభాగంలో ఆ పేరే వాడుతున్నాం.

ఈ యంత్రం పుట్టింది రోడ్డు పని కోసమో గని పని కోసమో కాదు, కోళ్ల షెడ్డు లాంటి చోట పేడ ఎత్తడానికి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రోత్సే అనే చిన్న ఊరిలో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములకు ఒక వర్క్‌షాపు ఉండేది. టర్కీ కోళ్లు పెంచే ఒక రైతు వారి దగ్గరకు వచ్చి తన షెడ్డులోని స్తంభాల మధ్య తిరగగలిగే, పై అంతస్తు మీద కూడా నిలబడగలిగేంత తేలికైన యంత్రం కావాలని అడిగాడు. 1957లో వారు మూడు చక్రాల లోడర్‌ను తయారుచేసి ఇచ్చారు. మరుసటి సంవత్సరం మెల్రో అనే కంపెనీ ఆ హక్కులు తీసుకుంది. 1960లో వెనుక ఉన్న ఒంటి చక్రానికి బదులు ఒక ఇరుసు అమర్చడంతో నాలుగు చక్రాల యంత్రం వచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న స్కిడ్ స్టీర్ అదే.

మన ప్రాంతంలో కూడా ఇది కోళ్ల ఫారాల్లో లిట్టర్ ఎత్తుతుంది. సిమెంటు కర్మాగారాల్లో కన్వేయర్ బెల్టు కింద రాలిన ముడిసరుకును ఊడుస్తుంది. పెద్ద యంత్రం పట్టని సందుల్లో పూడిక తీస్తుంది. ఇరుకుగా, దుమ్ముగా ఉండి, మనుషులు దగ్గరగా తిరిగే చోట్లలోనే దీనికి ఎక్కువ పని. దీని తనిఖీలు కూడా ఆ పరిస్థితులను బట్టే ఏర్పడ్డాయి.

9.2 నిర్మాణంలోనే ఉన్న ప్రమాదం

తనిఖీల్లోకి వెళ్లే ముందు యంత్రం నిర్మాణాన్ని ఒకసారి మనసులో గీసుకోండి. బకెట్‌ను ఎత్తే రెండు చేతులు ఆపరేటరు సీటు వెనుక భాగంలో కీలుతో బిగించి ఉంటాయి. అక్కడి నుంచి అతనికి కుడి ఎడమల గుండా ముందుకు వస్తాయి. ఆపరేటరు యంత్రంలోకి ఎక్కేది, దిగేది పక్క నుంచి కాదు, ముందు నుంచి, బకెట్ మీదుగా. అంటే ఎత్తి ఉన్న బకెట్ కిందుగా మనిషి వెళ్లే అవకాశం ఈ యంత్రం ఆకారంలోనే ఉంది. అతడు తల గానీ చేయి గానీ క్యాబిన్ బయటకు పెడితే పక్కనే లిఫ్ట్ చేయి కత్తెరలా దిగుతుంది.

ఒక సందర్భం ఊహించండి. తడి మట్టి ఎత్తుతున్నారు. పెడల్ కింద మట్టి ఇరుక్కుని బకెట్ సరిగా వంగడం లేదు. ఆపరేటరు ఇంజిన్ ఆపకుండానే సీటు బెల్టు తీసి, ముందుకు వంగి చేత్తో ఆ మట్టి లాగబోయాడు. మోకాలు పెడల్‌కు తగిలింది. చేతులు కిందికి దిగాయి. దీనికంతటికీ రెండు క్షణాలు చాలు. అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధించే నియోష్ సంస్థ 1998లో ఒక్క ఈ యంత్రం గురించే ప్రత్యేకంగా హెచ్చరిక పత్రం వెలువరించింది. బకెట్‌కు, యంత్రపు చట్రానికి మధ్య నలిగిపోవడం, లిఫ్ట్ చేతులకు, చట్రానికి మధ్య నలిగిపోవడం, యంత్రం బోల్తా పడడం అనే మూడు రకాల మరణాల గురించే అందులో ప్రధానంగా చెప్పింది.

అందువల్ల ఈ యంత్రానికి మూడు రక్షణలు కల్పించారు. మొదటిది బోల్తా పడినా, పైనుంచి ఏదైనా పడినా కాపాడే క్యాబిన్ చట్రం. రెండవది సీటు బెల్టు. మూడవది ఒళ్లోకి దించుకునే సీటు బార్, దానితో కలిసి పనిచేసే ఇంటర్‌లాక్. ఆపరేటరు సీటులో కూర్చుని బార్ దించితే తప్ప లిఫ్ట్ చేతులు కదలకూడదు, చక్రాలు తిరగకూడదు. ఈ మూడూ పనిచేస్తున్నాయో లేదో చూడడమే తనిఖీలో ముఖ్యమైన భాగం. మిగిలిన వాటిలో లోపం ఉంటే యంత్రానికి నష్టం. వీటిలో లోపం ఉంటే మనిషికే నష్టం.

9.3 ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు

తనిఖీకి యంత్రం సమతలంగా ఉన్న నేల మీద ఉండాలి. లిఫ్ట్ చేతులు పూర్తిగా దిగి, బకెట్ నేలకు ఆని ఉండాలి. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. ఒక వైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే రండి. ప్రతిరోజూ ఒకే దిశలో తిరిగితే ఏదీ మరచిపోరు. ఇలా చుట్టూ తిరిగి చూడడానికి అలవాటైన ఆపరేటరుకు పది నిమిషాలకు మించి పట్టదు.

యంత్రం రాత్రి నిలబడిన చోట నేల మీద తడి మచ్చలు ఉన్నాయేమో మొదట చూడండి. కారడం మొదలైందని అందరికంటే ముందు చెప్పేది నేలే. తరువాత టైర్లు. ఈ యంత్రానికి కారుకు ఉన్నట్లు పక్కకు తిరిగే చక్రాలు లేవు. ఒక వైపు చక్రాలు వేగంగా, రెండవ వైపు చక్రాలు నెమ్మదిగా తిరిగినప్పుడు టైర్లు నేల మీద ఈడ్చుకుంటూ యంత్రం మలుపు తీసుకుంటుంది. స్కిడ్ స్టీర్ అనే పేరు అందుకే వచ్చింది. ఆ ఈడ్పు వల్ల టైర్లు త్వరగా అరుగుతాయి, పక్కలు కోసుకుపోతాయి. ఒకే వైపున్న రెండు చక్రాలనూ గొలుసులు ఒకే వేగంతో తిప్పుతాయి. కాబట్టి ఒకటి కొత్త టైరు, ఒకటి బాగా అరిగిన టైరు వేస్తే రెండింటి చుట్టుకొలతలో తేడా వచ్చి ఆ భారమంతా గొలుసు మీద పడుతుంది. టైరు మార్చేటప్పుడు ఒక్కటే కొని డబ్బు మిగిలిందనుకునే యజమానికి ఈ విషయం తప్పక చెప్పాలి. చక్రాల నట్లు వదులయ్యాయేమో కూడా చూడండి. నట్టు చుట్టూ తుప్పు గీత కనిపిస్తే అది కదులుతున్నదని అర్థం.

ఇంజిన్ ఆయిల్‌ను డిప్‌స్టిక్‌తో చూడడం మీకు తెలిసిందే. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే అందులో నీరు కలిసిందని గుర్తించి యంత్రాన్ని పక్కన పెట్టండి. కూలెంట్ మట్టాన్ని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి రేడియేటరు మూత తిప్పితే మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. డీజిల్ ఫిల్టరు కింద ఉండే నీటి గిన్నెను ఇంజిన్ స్టార్ట్ చేయకముందే వదలాలి. రాత్రంతా నిలకడగా ఉండడం వల్ల నీరు అడుగుకు చేరి ఉంటుంది. ఇంజిన్ తిరిగితే అది మళ్లీ డీజిల్‌లో కలిసిపోతుంది.

హైడ్రాలిక్ ఆయిల్ దగ్గర విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. లిఫ్ట్ చేతులు ఎత్తి ఉన్నప్పుడు సిలిండర్లు సాగి ఉంటాయి కాబట్టి ట్యాంకులోని ఆయిల్ కొంత సిలిండర్లలోకి వెళ్లి ఉంటుంది. ఆ సమయంలో గాజు కిటికీలో చూస్తే మట్టం తక్కువగా కనిపిస్తుంది. తగ్గిందనుకుని ఆయిల్ పోస్తే, చేతులు దించినప్పుడు ట్యాంకు పొంగుతుంది. చేతులు దించి, బకెట్ నేలకు ఆనించిన తరువాతే మట్టం చూడమనడానికి కారణం ఇదే.

ఇంజిన్ తలుపు తెరిచి లోపల పేరుకున్న చెత్త తీసివేయడం చాలామంది చిన్నచూపు చూసే పని. కోళ్ల ఫారంలో ఎండిన లిట్టర్, రైస్ మిల్లులో ఊక, చెరకు ఫ్యాక్టరీలో పిప్పి, ఇవన్నీ ఇంజిన్ చుట్టూ పేరుకుని సైలెన్సర్ వేడికి అంటుకుంటాయి. యంత్రం చిన్నది, లోపల ఖాళీ తక్కువ, ఆపరేటరు మామూలుగా బయటపడే దారి ముందు వైపే. అలాంటి చోట్ల పని ఉన్నప్పుడు చెత్త తీయడం రోజుకు ఒకసారి చాలదు, భోజన విరామంలో మరోసారి చేయాలి. అగ్నిమాపక సిలిండరు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి.

9.4 ఒత్తిడిలో ఉన్న ఆయిల్

ఈ విషయాన్ని విడిగా చెప్పుకోవడానికి కారణం ఉంది. ఈ లోడర్ల హైడ్రాలిక్ వ్యవస్థలో ఒత్తిడి సుమారు 200 బార్ వరకు ఉంటుంది. కారు టైరులో ఉండేది దాదాపు 2 బార్. అంటే వంద రెట్లు. హోస్ పైపుకు సూది మొనంత రంధ్రం పడితే, అందులోంచి వచ్చే ఆయిల్ ధార కంటికి కనిపించకపోవచ్చు. చర్మాన్ని మాత్రం చీల్చుకుని లోపలికి వెళుతుంది.

పైపు ఎక్కడ కారుతున్నదో వెతకడానికి చేత్తో తడమడం మన సైట్లలో చాలా మామూలు విషయం. చేతికి తొడుగు ఉన్నా ఇది ప్రాణాపాయమే. గట్టి అట్ట ముక్కను గానీ చెక్కను గానీ పైపు పొడవునా జరుపుతూ వెళ్లండి, ధార ఉంటే దానిపై తడి గీత పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవడం మరవకండి. కారుతున్న చోటు కనిపించిన తరువాత కూడా నట్టు బిగించే ముందు ఇంజిన్ ఆపి, లిఫ్ట్ చేతులు దించి, కంట్రోళ్లను అటూ ఇటూ కదిపి లోపలి ఒత్తిడిని వదలాలి.

ఒకవేళ ధార వేలికి తగిలితే ఏమవుతుంది? మొదట చీమ కుట్టినంత గుర్తు మాత్రమే కనిపిస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. అందుకే బాధితుడు గుడ్డ చుట్టుకుని పని కొనసాగిస్తాడు. కొన్ని గంటల్లో వేలు ఉబ్బి, లోపలి కండ దెబ్బతినడం మొదలవుతుంది. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చేయి తీసివేయవలసి వస్తుంది. ఇది శస్త్రచికిత్స అవసరమైన అత్యవసర స్థితి. చిన్న గాయమే కదా అని ఆసుపత్రిలో కూడా కట్టు కట్టి పంపివేసే ప్రమాదం ఉంది. అందువల్ల వెంట వెళ్లినవారు డాక్టరుతో “గుచ్చుకున్నది కాదండీ, హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో లోపలికి వెళ్లింది” అని స్పష్టంగా చెప్పాలి. ఏ రకం ఆయిలో తెలిపే డబ్బా గానీ దాని ఫోటో గానీ తీసుకువెళితే మరీ మంచిది.

హోస్ పైపు పై పొర చిట్లి లోపలి తీగ అల్లిక కనిపిస్తున్నా, పైపు మీద బుడగలా ఉబ్బినా, అది ఇంకా కారకపోయినా సరే మార్చవలసిందే.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

అ) లిఫ్ట్ చేతులు ఎత్తి ఉండగా హైడ్రాలిక్ ఆయిల్ మట్టం ఎందుకు తక్కువగా కనిపిస్తుంది?
ఆ) మీ హెల్పరు “అన్నా, వేలికి ఏదో సూది గుచ్చుకున్నట్టయింది, ఏం కాదులే” అంటే మీరు వరుసగా ఏమేమి చేస్తారు?

9.5 సీటులో కూర్చున్న తరువాత

ఎక్కే ముందు బూట్లకున్న మట్టి దులుపుకోండి. ఆ మట్టే తరువాత పెడల్ కిందికి చేరుతుంది. ఎక్కేటప్పుడు రెండు చేతులు, ఒక కాలు గానీ, రెండు కాళ్లు, ఒక చేయి గానీ ఎప్పుడూ యంత్రాన్ని ఆని ఉండాలి. కంట్రోల్ లివర్లను పట్టుకుని పైకి లాగుకోకూడదు. బెల్టు పెట్టుకుని, బార్ దించి, చుట్టూ మనుషులు లేరని చూసి, హారన్ కొట్టి స్టార్ట్ చేయండి. ఇంజిన్‌ను, హైడ్రాలిక్ ఆయిల్‌ను కొన్ని నిమిషాలు తక్కువ వేగంలో వేడెక్కనివ్వండి. ఈ లోపు మీటర్లు, హెచ్చరిక దీపాలు, వెనక్కి వచ్చేటప్పుడు మోగే అలారం చూసుకోవచ్చు.

ఆ తరువాత ఇంటర్‌లాక్ పరీక్ష. ఖాళీ స్థలంలో బకెట్‌ను నేల నుంచి కొద్దిగా ఎత్తండి. సీటులోనే కూర్చుని, బెల్టు తీయకుండా, బార్ మాత్రం పైకి లేపండి. ఇప్పుడు లిఫ్ట్, బకెట్ కంట్రోళ్లను మెల్లగా కదిపి చూడండి. ఏదీ కదలకూడదు. డ్రైవ్ లివర్లను కొద్దిగా నెట్టినా యంత్రం ముందుకు పోకూడదు. కదిలితే అక్కడితో ఆ రోజు పని ఆగిపోయినట్లే. బార్ దించి, బకెట్ కింద పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, యంత్రానికి “నడపరాదు” అన్న అట్ట కట్టి, సూపర్‌వైజరుకు తెలియజేయాలి. కొన్ని నమూనాల్లో పరీక్ష వరుస వేరుగా ఉండవచ్చు కాబట్టి తయారీదారు ఇచ్చిన చేతిపుస్తకంలోని వరుసనే పాటించండి.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. సీటు కింది స్విచ్ పాడైనప్పుడు దానిని మార్చకుండా రెండు వైర్లు కలిపి అతికించి పని కానిచ్చేయడం చాలాచోట్ల జరుగుతుంది. యంత్రం మామూలుగానే నడుస్తుంది కాబట్టి తేడా ఎవరికీ తెలియదు. 9.2లో ఊహించిన సందర్భంలో ఆ మనిషికి, పడబోయే బకెట్‌కు మధ్య ఉన్నది ఆ స్విచ్ ఒక్కటే. రోజూ ఈ పరీక్ష చేసేవారికి మాత్రమే అలాంటి అతుకు దొరుకుతుంది.

9.6 బకెట్ పట్టు, బరువు లెక్క

ఈ లోడర్‌కు బకెట్ తీసి ఫోర్కు, బ్రేకర్, చీపురు వంటివి నిమిషాల్లో బిగించవచ్చు. ఆ సౌకర్యమే ఒక్కోసారి ప్రమాదం తెస్తుంది. రెండు లాకు లివర్లను కిందికి నొక్కినంత మాత్రాన బకెట్ బిగిసినట్లు కాదు. లాకు పిన్నులు బకెట్ వెనుక చట్రం అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటకు పొడుచుకుని కనిపించాలి. రంధ్రంలో ఎండిన మట్టి గడ్డ ఉంటే లివర్ దిగినట్లే ఉంటుంది, పిన్ను మాత్రం దిగదు. బకెట్ మార్చిన ప్రతిసారీ ఇంజిన్ ఆపి, దిగి, రెండు పిన్నులనూ కంటితో చూడండి.

బరువు విషయానికి వద్దాం. యంత్రం ముందుకు ఒరిగిపోయే బరువులో సగాన్ని, చక్రాల లోడర్ సురక్షితంగా ఎత్తగల సామర్థ్యంగా లెక్కిస్తారు. రబ్బరు ట్రాకులున్న లోడరుకైతే సాధారణంగా 35 శాతం. ఉదాహరణకు ఒక యంత్రం 1400 కిలోల దగ్గర ఒరుగుతుందనుకుందాం. దాని సామర్థ్యం 700 కిలోలు. బకెట్ పరిమాణం 0.4 ఘనపు మీటర్లు. తడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1900 కిలోలు ఉంటుంది కాబట్టి నిండు బకెట్ ఇసుక 760 కిలోలు. సామర్థ్యాన్ని దాటిపోయింది. అదే బకెట్‌తో పొడి లిట్టర్ గుట్టగా నింపినా ఇబ్బంది ఉండదు. బకెట్ నిండడం ఒకటి, యంత్రం మోయగలగడం మరొకటి అని ఈ లెక్క చెబుతున్నది.

బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఇంజిన్ ఉన్న వెనుక భాగమే బరువు. నిండినప్పుడు ముందు భాగం బరువవుతుంది. వాలు మీద బరువైన వైపు ఎప్పుడూ ఎగువకు ఉండాలి. అంటే ఖాళీ యంత్రాన్ని వెనక్కి నడుపుతూ ఎక్కించి ముందుకు నడుపుతూ దించాలి. నిండు బకెట్‌తో ముందుకు ఎక్కి, వెనక్కి దిగాలి. రెండు సందర్భాల్లోనూ బకెట్ నేలకు దగ్గరగానే ఉండాలి.

9.7 గ్రీజు, గాలి, గంటల మీటరు

లిఫ్ట్ చేతుల కీళ్లు, సిలిండర్ల చివరలు, బకెట్ పట్టీ, వీటికున్న గ్రీజు నిపుళ్లకు చాలా యంత్రాల్లో 8 నుంచి 10 గంటలకు ఒకసారి, అంటే దాదాపు రోజూ గ్రీజు కొట్టాలి. ముందు నిపుల్‌ను గుడ్డతో తుడవండి. లేకపోతే గ్రీజుతోపాటు ఇసుకను కూడా లోపలికి నెట్టినట్లవుతుంది. పాత గ్రీజు బయటకు వచ్చి కొత్తది కనిపించేవరకు గన్ నొక్కండి. గ్రీజు రాపిడిని తగ్గించడమే కాదు, పిన్నుకు, బుష్‌కు మధ్య దుమ్ము చొరబడకుండా అడ్డుగోడలా ఉంటుంది. గ్రీజు లేని కీలులో పిన్ను అరిగి, ఆ తరువాత రంధ్రమే కోలగా మారుతుంది. అప్పుడు బుష్ మార్చినా ఆగదు, చేతిని వెల్డింగ్, బోరింగ్‌కు పంపవలసి వస్తుంది. గ్రీజు డబ్బా ధరతో ఆ ఖర్చును పోల్చి చూడండి.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మాత్రం అతి శ్రద్ధ కూడా మంచిది కాదు. సూచిక ఎర్ర గుర్తు చూపితేనే తెరవాలి. తెరిచిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి పోతుంది. ఫిల్టర్‌ను టైరుకు వేసి కొట్టి దులిపే అలవాటు వల్ల దాని కాగితం చిరిగి, ఇంజిన్ మట్టి తినడం మొదలవుతుంది. లోపలి చిన్న ఫిల్టర్‌ను ఎప్పుడూ శుభ్రం చేయకూడదు, మార్చాలి. రేడియేటరు రెక్కల మధ్య దుమ్మును తీయడానికి, ఫ్యాన్ గాలి పోయే దిశకు ఎదురు దిశ నుంచి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టండి. అదే దిశలో కొడితే దుమ్ము మరింత లోపలికి దిగుతుంది.

చేతులు ఎత్తి ఉంచి కింద పని చేయవలసి వస్తే, లిఫ్ట్ చేతికి ఊతంగా ఇచ్చిన ఇనుప సపోర్టును సిలిండర్ రాడ్‌పై అమర్చిన తరువాతే కిందికి వెళ్లాలి. అమర్చేటప్పుడు ఇద్దరు అవసరం. ఒకరు బెల్టు పెట్టుకుని, బార్ దించి సీటులోనే ఉండాలి, రెండవవారు బయటి నుంచి అమర్చాలి. చెక్క దుంగలు, జాకీలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

మిగిలిన పనులకు గంటల మీటరే క్యాలెండరు. కొత్త యంత్రానికి మొదటి 50 గంటల సర్వీసు తప్పనిసరి. ఆ తరువాత ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పు నమూనాను బట్టి 250 లేదా 500 గంటలకు, హైడ్రాలిక్ ఆయిల్ మార్పు చాలా యంత్రాల్లో 1000 గంటలకు వస్తాయి. చక్రాలను తిప్పే గొలుసులు మునిగి ఉండే పెట్టెలోని ఆయిల్ మట్టాన్ని కూడా మధ్యమధ్య చూడాలి. బయటికి కనిపించదు కనుక దానిని మరచిపోతారు. సిమెంటు దుమ్ములో, ఉప్పు నేలలో నడిచే యంత్రానికి ఈ గడువులను తగ్గించుకోవాలి.

పని ముగిశాక ఇంజిన్‌ను వెంటనే ఆపకండి. టర్బో ఉన్న యంత్రమైతే కొన్ని నిమిషాలు తక్కువ వేగంలో నడిపి చల్లబడనివ్వండి. బకెట్ నేలకు ఆనించి, పార్కింగ్ బ్రేకు వేసి, ఆపి, కంట్రోళ్లు కదిపి ఒత్తిడి వదిలి, చెవి తీసుకుని దిగండి. డీజిల్‌ను సాయంత్రమే నింపితే రాత్రి ట్యాంకులోని ఖాళీలో గాలి తేమ నీరుగా మారే అవకాశం తగ్గుతుంది. లాగ్‌బుక్‌లో మీటరు గంటలతోపాటు “కుడి లిఫ్ట్ సిలిండరు దగ్గర కొద్దిగా తడి” వంటి చిన్న విషయాన్ని కూడా రాయండి. మరునాడు ఉదయం ఎక్కేది మీరు కాకపోవచ్చు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. స్కిడ్ స్టీర్ లోడర్‌లో ఆపరేటరు ముందు నుంచి ఎక్కడం వల్ల కలిగే ప్రమాదాలను, వాటికి కల్పించిన రక్షణలను వివరించండి.
2. ఒక లోడర్ 1600 కిలోల దగ్గర ముందుకు ఒరుగుతుంది. బకెట్ పరిమాణం 0.45 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1900 కిలోలున్న తడి ఇసుకను బకెట్ నిండా ఎత్తవచ్చునా? లెక్క చూపండి.
3. మీకు దగ్గరలో ఉన్న ఏదైనా లోడర్ యజమాని అనుమతితో, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చుట్టూ తిరిగి చూసి, కనుగొన్న లోపాలను లాగ్‌బుక్ పద్ధతిలో ఒక పేజీకి మించకుండా రాయండి.